గచ్చులో కంకి

మస్కట్ వచ్చినవాళ్ళెవరైనా ముందు సముద్రం చూస్తారు, తరవాత కొండలు చూస్తారు, ఆ తరవాత బంగారం కొట్లు చూస్తారు. మా అమ్మ సౌభాగ్యమ్మ మాత్రం నేల చూసింది. డెబ్భై ఆరు డిసెంబరులో నా పురిటికని వచ్చి, మార్చి ఆఖర్న తిరిగి వెళ్ళేదాకా ఆవిడ తలెత్తి చూసిందేమైనా ఉంటే అది నా కొడుకు మొహం ఒక్కటే. మిగతా వేళంతా తల వంచుకుని ఊళ్ళో ఉన్న పాత గచ్చులన్నీ గాలించింది.

నేను మస్కట్ పక్కనే రువీలో ఒక ఆసుపత్రిలో నర్సుని. మా ఆయన ప్రేమచంద్ అక్కడే ల్యాబులో పనిచేసేవాడు. మాది రెండు గదుల క్వార్టరు. బాలింతరాలికి కారం పొడి, మనవడికి ఆముదం, ఇవన్నీ పెట్టెనిండా తెచ్చిన అమ్మ, వచ్చిన వారానికే అల్లుణ్ణి అడిగిన మొదటి మాట, "బాబూ, ఇక్కడ పాత సిమెంటు కట్టుబళ్ళు ఏ వైపున్నాయి?" అని. ప్రేమచంద్ నవ్వేశాడు. నేను నవ్వలేదు, ఎందుకడుగుతోందో నాకు తెలుసు.

మా నాన్న దేవదాసు తాపీ మేస్త్రి. నాకు ఏడాది నిండిన కొద్ది రోజులకే, యాభై మూడు మొదట్లో, బొంబాయి కాంట్రాక్టరు వెంట మస్కట్ వచ్చేశాడు. ఏడాదిన్నర పాటు ఉత్తరాలు రాశాడు. ఆ తరవాత కబురు లేదు. బతికున్నాడో, పోయాడో, మమ్మల్ని వదిలించుకున్నాడో చెప్పేవాళ్ళు లేరు. మా పేటలో వాళ్ళు మాత్రం వదిలించుకున్నాడనే ఖాయం చేసేశారు. నేను హాస్టల్లో "నాన్న లేచిపోయిన పిల్ల" అనిపించుకుంటూ పెరిగాను కాబట్టి, నాకూ అదే ఖాయమైపోయింది.

అమ్మకి మాత్రం ఖాయం కాలేదు. చర్చి సంఘపు పెద్దలు ఇంటికొచ్చి, "సౌభాగ్యమ్మా, ఆయన పేరిట జ్ఞాపకార్థ ప్రార్థన కూడిక పెట్టించేయ్, నీకూ మనశ్శాంతి" అన్నప్పుడల్లా, "పోయాడని మీలో ఎవరైనా చూశారా?" అనేది. "పోనీ, వదిలేశాడని ఒప్పుకో" అంటే, "అదీ చూడలేదు కదా" అనేది. అలా ఇరవై మూడేళ్ళు గడిపింది. మస్కట్లో ఉద్యోగం వచ్చిందని నేను చెప్పినప్పుడు, ఊరి పొలిమేర దాటనివ్వని మనిషి మారు మాట్లాడకుండా ఎందుకు సరేనందో, ఆవిడ విమానం దిగాక గాని నాకు తట్టలేదు.

జనవరిలో ఒక శుక్రవారం పిల్లాణ్ణి ఎత్తుకుని రేవు పక్కనున్న మత్రా బజారుకి వెళ్ళాం. అప్పుడు ఒడ్డు వెంట రోడ్డు వెడల్పు చేస్తున్నారు. పాత ఖర్జూరాల గోదాం ఒకటి అడ్డంగా ఉండిపోయింది. సరుకు ఖాళీ అయ్యేదాకా దాని జోలికి పోకుండా అటూ ఇటూ తవ్వి పెట్టారు. ప్రేమచంద్ చేపల దగ్గర బేరమాడుతున్నాడు. వెనక్కి తిరిగి చూస్తే అమ్మ లేదు. గోదాం ముందు కాలిబాట మీద గొంతుక్కూర్చుని, కొంగుతో నేల తుడుస్తోంది.

"అమ్మా, అందరూ మననే చూస్తున్నారు. లే."

"నువ్విటు రావే మణీ. నా కళ్ళు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి చెప్పు."

వంగి చూశాను. గచ్చు మూల కాంట్రాక్టరు వేసిన అచ్చు ఉంది: ఓధవ్‌జీ లాల్‌జీ, బొంబాయి, 1953. దాని అడుగున జానెడు పొడుగున ఒక కంకి ముద్ర. సిమెంటు పచ్చిగా ఉండగా అదిమి, మెల్లిగా ఊడదీసినట్టుంది. పక్కకి ఒరిగిన రెబ్బలు, వాటి మీద గింజలు, అన్నీ తెలుస్తున్నాయి. అది వరి కంకి. ఆ దేశంలో వరి చేను ఎక్కడుందో నాకైతే తెలియదు.

"మీ నాన్నదే," అంది అమ్మ.

మా ఇంటి వాకిట్లో గచ్చు మూల ఇలాంటిదే ఉంది. చిన్నప్పుడు అన్నం తింటూ దాంట్లో వేలు పెట్టి గీసేదాన్ని. మా ఊళ్ళో కోత పండుగకి రైతులు కొత్త పంటలో మొదటి పన కట్టి తెచ్చి గుడిలో పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. నాన్నకి సెంటు పొలం లేదు. అందుకని ఏటా వేలంలో ఒక వరి కుచ్చు పాడుకుని, ఆ ఏడాది తను వేసిన ప్రతి గచ్చు మూలా అందులోంచి ఒక కంకి తీసి అదిమేవాడట. "పొలమున్నవాడు పన ఇస్తాడు, నాకున్నది గచ్చే కదా" అనేవాడట. బొంబాయి రైలెక్కిన రోజున కూడా పెట్టెలో బట్టల మీద ఆ ఏటి కుచ్చు పెట్టుకున్నాడట.

ప్రేమచంద్ చేపల సంచీతో వచ్చి, సంగతి విని, టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. "మామగారు సంతకం గట్టిగానే చేశారు అత్తయ్యగారూ," అన్నాడు. అమ్మ నవ్వింది. ఆవిడ అలా నవ్వగా నేను అంతకు ముందు చూడలేదు.

ఇక ఆవిణ్ణి పట్టలేకపోయాం. సాయంత్రమయ్యేసరికి మనవణ్ణి భుజాన వేసుకుని, టాక్సీలో మత్రా వెళ్ళిపోయేది. గాలి తగిలితే పిల్లాడు బాగా నిద్రపోతాడని సాకు. ఫిబ్రవరిలో వర్తకుల సందులో రెండోది దొరికింది. అదే కాంట్రాక్టరు అచ్చు, 1954. ఆ కంకికి గింజలు సగానికి సగం లేవు.

"చూశావా, రాలిపోయాయి. తీసుకెళ్ళిన కుచ్చునే పొదుపుగా వాడుకున్నాడు పాపం," అంది అమ్మ.

"అయిపోతే ఇంకోటి పాడుకోడానికి ఇంటికి రావచ్చుగా," అన్నాను.

"రావాలనే అనుకుని ఉంటాడు."

"అనుకోడానికేం, ఎన్నయినా అనుకోవచ్చు."

అమ్మ పిల్లాడి కుల్లాయి సరిచేసి ముందుకు నడిచింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నాన్న మీదో, ఆయన్ని వెనకేసుకొచ్చే అమ్మ మీదో చెప్పలేను.

గోదాం దగ్గర రోడ్డు పనిలో ఒక తెలుగువాడు ఉండేవాడు, భూమయ్య. కరీంనగర్ వైపు మనిషి. రోజూ నేల మీద కళ్ళు పెట్టుకుని తిరిగే అమ్మని చూసి చూసి, ఒకనాడు గడ్డపార పక్కన పెట్టి వచ్చాడు.

"ఏమమ్మా, దినాం గీడ ఏం దేవులాడుతున్నవ్? ఏమన్న పడేస్కున్నవా?"

అమ్మ అతన్ని తీసుకెళ్ళి కంకి చూపించి, సంగతంతా చెప్పింది. అతను ముద్ర మీద చెయ్యి పెట్టి చూశాడు.

"గిసొంటిదే బౌషర్ల సుత సూశిన్నమ్మా. ఆడ ఖర్జూరం తోటల ఒక సేటు బంగ్లా ఉన్నది. గేటు కాడికెల్లి అర్ర దాంక పాత గచ్చు తొవ్వ. గా తొవ్వ తవ్వుడు సుత మా కంపెనీకే అచ్చింది. జెప్పన పోయి సూడుండ్రి."

మరుసటి శుక్రవారమే ఊరవతల ఉన్న బౌషర్ వెళ్ళాం. ఆ బంగళాలో ఎవరూ లేరు. కాపలావాడు నమాజుకి వెళ్ళాడని తోటలో నీళ్ళు పెడుతున్నవాళ్ళు చెప్పారు. అమ్మ గేటు దగ్గర్నుంచి ఒక్కొక్క పలకే చూసుకుంటూ నడిచి, వసారా మెట్ల పక్కన ఆగింది. అచ్చు ఉంది, 1955. కంకీ ఉంది. యాభై నాలుగులో ఆగిపోయిన మనిషి యాభై ఐదులో ఉన్నాడన్నమాట. నేనే ముందు, "అమ్మా, బతికే ఉన్నాడు," అన్నాను.

అమ్మ కూర్చుని ఆ ముద్రని వేళ్ళతో తడిమింది. ఎంతసేపటికీ లేవలేదు.

"ఇది మన వడ్లు కాదే."

"అదేంటి?"

"మన ఊరి వడ్లు అక్కుళ్ళ రకం. కంకి వంగి ఉంటుంది, రెబ్బలు విడివిడిగా ఉంటాయి. ఇది చూడు, గింజ మీద గింజ కరుచుకుని నిలువుగా ఉంది. ఒళ్ళంతా ముళ్ళు. మన సీమలో ఈ రకం నేనెప్పుడూ చూడలేదు. పైగా ఒక్క గింజ రాలలేదు. ఆ ఏడు కోసిన కంకి ఇది."

"అయితే?"

"ఇక్కడ వరి లేదు కదా. కొత్త కంకి కావాలంటే సముద్రం దాటాలి. దాటాడు. ఎవరిదో పొలానికి వెళ్ళాడు, ఎవరిదో కోత పండుగ చూశాడు." అమ్మ లేచి చీర దులుపుకుంది. "మనింటికి మాత్రం రాలేదు."

ఇన్నేళ్ళూ నేను అంటూ వచ్చిన మాటే అది. అదే మాట అమ్మ నోట వినేసరికి, కాదు అమ్మా, అలా అయ్యుండదు అని చెప్పాలనిపించింది. ప్రేమచంద్ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, పిల్లాణ్ణి తీసుకుని కారు వైపు వెళ్ళిపోయాడు.

ఆ తరవాత అమ్మ మత్రా ఊసెత్తలేదు. వండేది, పిల్లాడికి నీళ్ళు పోసేది, గుమ్మంలో కూర్చునేది. సాయంత్రాలు ప్రేమచంద్, "అత్తయ్యగారూ, అలా గాలికి వెళ్ళొద్దామా?" అంటే, "పనుంది బాబూ," అనేది. పనేమీ ఉండేది కాదు. ఒకరోజు నేనే తెగించి, పోనీ ఊరెళ్ళాక ఆ కూడికేదో పెట్టించేద్దాం అన్నాను.

"బతికున్నవాడికి కూడిక ఏంటే?" అంది. "ఎక్కడో మనవలతో సుఖంగా ఉండే ఉంటాడు. నా టిక్కెట్టు సంగతి చూడమను అల్లుడుగార్ని."

ఇరవై మూడేళ్ళ పాటు ఏదీ తేల్చుకోకుండా నిలబడ్డ మనిషి ఒక గడ్డిపోచ ముద్రతో తేల్చేసుకుంది. మనిషి నాలుగు రోజుల్లోనే చిక్కిపోయింది. పొద్దున్నే లేచి పాడుకునే పాట కూడా మానేసింది. నాకు అన్నిటికన్నా దానికే భయం వేసింది.

మార్చి మొదట్లో భూమయ్య వేలికి దెబ్బ తగిలి మా ఆసుపత్రికి వచ్చాడు. కట్టు కడుతుంటే చెప్పాడు: "గా బౌషర్ తోట కాడ కావలి ముసలాయన ఉన్నడు, యాకూబ్ అని. బలూచాయన. గడ్డి గుర్తు సంగతి అడిగితె 'దాస్, దాస్' అనుకుంట కండ్లకు నీళ్ళు తెచ్చుకున్నడమ్మా. నువ్వొకపారి పోయి అడుగరాదు?"

ఇంటికొచ్చి, ఆ మాట చెప్పి, పిల్లాణ్ణి ప్రేమచంద్‌కి అప్పజెప్పి అమ్మని లేవదీశాను.

"ఏం అడుగుతావు? ఆ రెండో ఆవిడ పేరా?"

"అవును. పేరు, ఊరు, పిల్లలెంతమందో, అన్నీ అడుగుతాను. ఊరికే అనుకుంటూ నువ్వెళ్ళిపోతే నేను ఊరుకోను. పద."

యాకూబ్‌కి అరవై ఏళ్ళు ఉంటాయి. బక్కగా, తెల్లటి గడ్డంతో ఉన్నాడు. గేటు తీసి మమ్మల్ని చూసి సలాం చేశాడు. నేను కుశలప్రశ్నలు వేసే స్థితిలో లేను. నేను దాస్ కూతుర్ని, ఈమె దాస్ భార్య అని ఉర్దూలో చెప్పి, మెట్ల పక్క కంకి చూపించి, "ఇది తెచ్చుకోడానికి ఆయన ఏ ఊరు వెళ్ళాడు?" అని అడిగాను.

ముసలాయన నా మాట వినలేదు. అమ్మ వంకే చూస్తున్నాడు. "భాభీ," అన్నాడు. తరవాత నా వైపు తిరిగాడు. "దాస్ ఏ ఊరూ వెళ్ళలేదు బేటీ. ఈ గచ్చు వేసేనాటికి దాస్ లేడు. ఇది నేను వేసింది."

ఆయన మమ్మల్ని బంగళా వెనక్కి తీసుకెళ్ళాడు. ఖర్జూరం చెట్ల నీడలో, నీటి కాలవ పక్కన, మంచమంత మడి ఒకటి పండుబారుతోంది. నేను, అమ్మ కూడా దాన్ని వరే అనుకున్నాం. యాకూబ్ ఒక కంకి తుంచి అమ్మ అరచేతిలో పెట్టాడు. నిలువుగా, గింజ మీద గింజ కరుచుకుని, ఒళ్ళంతా ముళ్ళతో ఉంది.

"ఏంటిది?" అంది అమ్మ నాతో.

అడిగాను. ఆయన చెప్పాడు. "గోధుమ అమ్మా," అన్నాను.

గోధుమ రవ్వ ఎరుగుదుం, రేషను షాపులో గోధుమ పిండికి వరసలో నిలబడ్డాం. చేను మాత్రం మా కృష్ణ ఒడ్డున పుట్టినవాళ్ళెవరూ చూడలేదు. అమ్మ ఒక గింజ ఒలిచి నోట్లో వేసుకుని నమిలింది.

"ఆయన ఎప్పుడు పోయాడో అడుగు," అంది. దాస్ లేడన్న మాట నేనింకా తెలుగులో చెప్పనే లేదు.

యాకూబ్ కాలవ గట్టు మీద కూర్చుని చెప్పాడు, నేను ఒక్కొక్క మాటే తెలుగు చేశాను. యాకూబ్, దాస్ ఒకే జట్టులో గచ్చు పని చేసేవాళ్ళు. యాభై నాలుగు వేసవిలో దాస్‌కి జ్వరం తగిలింది. మందూ మాకూ ఇప్పించారు, తగ్గలేదు. కొండల మధ్య క్రైస్తవుల సమాధులు ఉండే చోటుకి పడవలోనే వెళ్ళాలి, ఆ పడవలో యాకూబ్ కూడా వెళ్ళాడు. ఇంటికి కబురు రాస్తానని కాంట్రాక్టరు దగ్గర లెక్కలు రాసే మున్షీ చెప్పాడు. రాశాడనే వీళ్ళంతా అనుకున్నారు. పెట్టెలో కుచ్చుకి ఒకే ఒక్క కంకి మిగిలి ఉంటే, అది తీసి దాస్ గుండెల మీద పెట్టి పంపించారు.

"మరుసటేడు ఇక్కడ గచ్చు వేశాం," అన్నాడు యాకూబ్. "ఆఖరి పలక అయ్యింది. ఆ మూలని మేం దాస్ మూల అనేవాళ్ళం. ఖాళీగా వదిలెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు. అతని ధాన్యం నా దగ్గర లేదు. చేలో ఇది ఉంది."

అమ్మ నా వైపు తిరిగింది. ఆవిడ మొహంలో దుఃఖం ఉంది, దాని పక్కనే ఒక తేట కూడా ఉంది. మనల్ని వదిలెయ్యలేదే అని ఆ కళ్ళు నాతో అంటున్నాయి. నేను ఆ కళ్ళలోకి చూడలేక గోధుమ మడి వంక చూశాను. హాస్టల్లో పిల్లలు నన్నన్న మాటలన్నీ ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. ఎవరికీ జవాబు చెప్పే పని ఇప్పుడు లేదు. నాకు నాన్న ఉండేవాడు, అంతే.

"దాహమన్నప్పుడు నీళ్ళు ఎవరిచ్చారో అడుగు."

"నేనే ఇచ్చాను," అన్నాడు యాకూబ్. నన్ను కింది నుంచి పై దాకా చూశాడు. "అయితే ఆ పిల్లవి నువ్వేనా? రెండేళ్ళు నిండినా నడక రాలేదని చెప్పేవాడు. రాత్రీ పగలూ అదే దిగులు. జ్వరంలో కూడా అదే అడిగాడు. ఇంటి నుంచి ఉత్తరం వచ్చిందా, పిల్ల నడిచిందా అని. రాలేదని చెప్పడం ఇష్టంలేక, వస్తుంది, వస్తుంది అనేవాణ్ణి."

ఈ మాటలు నేను తెలుగులో చెప్పగానే అమ్మ కాలవ గట్టున కూలబడిపోయింది.

"రాశానే. నడిచిందని రాశానే. నువ్వు గోడ పట్టుకుని నాలుగడుగులు వేసిన సాయంత్రమే పంతులుగారి చేత రాయించానే." ఆ ఒక్క మాటే మళ్ళీ మళ్ళీ అంది. ఇరవై మూడేళ్ళు దాచుకున్న ఏడుపంతా ఏడ్చింది. యాకూబ్ తల వంచుకుని కూర్చున్నాడు. నేను వీపు రాస్తూ ఉండిపోయాను.

లేచాక కళ్ళు తుడుచుకుని నాతో అంది: "వచ్చే శుక్రవారం కూడిక పెట్టుకుందాం, ఇక్కడే. ఈయన రావాలని చెప్పు. మీ నాన్న తరపు మనిషిగా ఈయనే కూర్చోవాలి." చెప్పాను. యాకూబ్ గుండెల మీద చెయ్యి పెట్టుకున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు రువీలో దిగలేదు. మత్రా పోనిమ్మంది. దారిలో ఒక కొట్లోంచి ఆసుపత్రికి ఫోను చేసి, ప్రేమచంద్‌ని పిల్లాడితో అక్కడికే రమ్మని కబురు పెట్టాం. గోదాం ఖాళీ అయిపోయింది. భూమయ్య, ఇంకో నలుగురు గచ్చు మీద సుద్దతో గీతలు గీస్తున్నారు.

"రేపు పొద్దుగాల కొడుతమమ్మా," అన్నాడు భూమయ్య మొహమాటంగా. "గా మూల పలక కావాల్నంటె పల్గకుంట తీసిస్త."

"వద్దు నాయనా. తీసుకెళ్ళి ఎక్కడ పెట్టుకుంటాను? మీ పని మీరు చేసుకోండి. ఒక్క నిమిషం తప్పుకుంటే చాలు."

వాళ్ళు సుద్ద ముక్కలు పట్టుకుని గోడ వారకి జరిగారు. అప్పుడే వచ్చిన ప్రేమచంద్ కూడా పిల్లాడితో వాళ్ళ పక్కన నిలబడ్డాడు. అమ్మ చెప్పులు విప్పింది. నన్నూ విప్పమంది. నా చూపుడు వేలు పట్టుకుని కాలిబాట ఆ చివరికి తీసుకెళ్ళి, కంకి ఉన్న మూల వైపు తిప్పి నిలబెట్టింది.

"నడువ్."

"అమ్మా, అందరూ చూస్తున్నారు."

"చూడనీ. మెల్లిగా నడువ్."

నడిచాను. ఇరవై ఐదేళ్ళదాన్ని, ఒక బిడ్డ తల్లిని, అంతమంది మగవాళ్ళ ముందు అమ్మ చేతికి వేలిచ్చి ఒక్కొక్క అడుగే వేశాను. ఎండకి కాగిన గచ్చు పాదాల కింద ఇంకా వెచ్చగా ఉంది. సిగ్గేసింది, సగం దూరం వెళ్ళేసరికి అదీ పోయింది. మూలకి వచ్చాం. అమ్మ కొంగు భుజం మీదికి సర్దుకుని కంకి ముద్ర వంక చూసింది.

"పిల్ల నడిచిందండీ," అంది.

అప్పుడు నా వేలు వదిలింది.